మార్కెట్ పోయిన ముసలోళ్ళంట! విల్లీ, మెర్ల్ ఆల్బం మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

నిన్న రాత్రి అన్నం తిని అంట్లు కడుగుతుంటే మా బావమరిది నుంచి మెసేజ్, "బావా, నువ్వు కార్లో పొద్దస్తమానం పెట్టే ఆ ఇద్దరు ముసలోళ్ళ బండారం బయటపడింది, చూడు" అని. తెరిచి చూస్తే పాతదే. ఇప్పటికి నలుగురు పంపారు నాకు, ముగ్గురికి ఏదో ఒకటి చెప్పి ఊరుకున్నా గానీ బావమరిది పంపాక ఇంక ఊరుకుంటే ఇంట్లో మర్యాద ఉండదు కాబట్టి కూర్చుని రాస్తున్నా.

చూడనివాళ్ళ కోసం ఆ మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా చెప్తాను. కంట్రీ మ్యూజిక్‌లో (అమెరికా పల్లెపాటల బాణీ) ఇద్దరు పెద్ద సింగర్లు కలిసి డ్యూయెట్ ఆల్బం చేశారంటే ఇద్దరికీ మార్కెట్ పోయిందని అర్థమంట, కంపెనీ వాళ్ళిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి పాత సరుకు అమ్ముకుంటుందంట. దానికి పెద్ద సాక్ష్యం 1983లో వచ్చిన 'పాంచో అండ్ లెఫ్టీ' అంట. టాక్సు బాకీల్లో మునిగిన విల్లీ నెల్సన్, జైలుకెళ్ళొచ్చి ఫేడౌట్ అయిపోయిన మెర్ల్ హాగర్డ్, ఇద్దరూ డబ్బుల కోసం చేశారంట. టైటిల్ పాట విల్లీయే రాశాడంట, అది మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విల్లా నిజ జీవిత కథంట. ఇద్దరూ విడివిడిగా పాడితే స్టూడియోలో అతికించారంట, మెర్ల్‌ని చిన్నచూపు చూసి ఒకే ఒక్క చరణం పడేశారంట. ఆఖర్న, పాట రాసినాయనకి పైసా ఇవ్వకుండా మోసం చేస్తే ఆయన పస్తులుండి చచ్చిపోయాడంట.

పైన విల్లీ రాశాడన్నాడు, కిందకొచ్చేసరికి రాసినాయన్ని మోసం చేశారంటున్నాడు! అంటే విల్లీ విల్లీనే మోసం చేసుకుని పస్తులున్నాడా? ఫార్వర్డ్ చేసేముందు ఒక్కళ్ళైనా చివరిదాకా చదివి ఉంటే ఇది మా బావమరిది దాకా వచ్చేది కాదు.

నేనేమీ మ్యూజిక్ చదువుకున్నవాణ్ణి కాదు, ఆస్టిన్ దగ్గర ఉంటా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వచ్చిన కొత్తలో కంట్రీ అంటే ట్రక్కులు, బీరు, టోపీలు అంతే అనుకునేవాణ్ణి. ఈ ఆల్బం రికార్డ్ చేసిన చోటు మా ఇంటి నుంచి గంట కూడా పట్టదు, స్పైస్‌వుడ్ అనే ఊరి దగ్గర కొండ మీద విల్లీ సొంత స్టూడియో, పక్కనే గోల్ఫ్ కోర్సు, పెడర్నాలిస్ అంటారు. ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా ఈ పాట పెడతాను కాబట్టి, నా మీద దాడి చేసినట్టే ఫీలయ్యాను, ఒప్పుకుంటా.

ముందు ఆ మార్కెట్ సంగతి తేలుద్దాం. ఆల్బం వచ్చింది 1983 జనవరిలో. ఆ ముందు సంవత్సరం, 1982లో విల్లీ పరిస్థితి ఏంటంటే 'ఆల్వేస్ ఆన్ మై మైండ్' అనే పాట దేశమంతా మోగిపోతోంది, కంట్రీ చార్టులో నెంబర్ వన్, అది చాలదన్నట్టు పాప్ చార్టులో కూడా 5వ స్థానం దాకా వెళ్ళింది, మరుసటేడు గ్రామీలు తెచ్చింది. మార్కెట్ పోయిన మనిషంటే ఇలా ఉంటాడా? మెర్ల్ సంగతి చూస్తే అదే 1982లో 'బిగ్ సిటీ' నెంబర్ వన్, తర్వాత జార్జ్ జోన్స్‌తో కలిసి పాడిన 'యెస్టర్‌డేస్ వైన్' నెంబర్ వన్. ఈ రెండోది కూడా డ్యూయెట్టే, పైగా రాసింది ఎవరనుకున్నారు, విల్లీ నెల్సన్! అంటే వీళ్ళిద్దరూ ఒకళ్ళ పాటలు ఒకళ్ళు పాడుకునే మనుషులు, వేరే ఎవరో తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టాల్సిన అవసరమే లేదు. ముసలోళ్ళు అన్నారు కదా, ఆల్బం వచ్చే నాటికి విల్లీకి 49, మెర్ల్‌కి 45. మా బావమరిదికి వచ్చే నెల 46 నిండుతాయి. ఇంక నేను మాట్లాడను.

అసలు ఆ ఆల్వేస్ పాట కథ ఇంకా బావుంటుంది. విల్లీ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు, ఈ డ్యూయెట్ ఆల్బం పని జరుగుతున్నప్పుడే ఆ పాట రాసినవాళ్ళలో ఒకడైన జానీ క్రిస్టఫర్ దాన్ని తెచ్చి వినిపించాడని, మెర్ల్‌కి అది పెద్దగా ఎక్కలేదని, సరే అని తర్వాత విల్లీ ఒక్కడే పాడేశాడని. ఆ పాట ఏమైందో పైన చెప్పాను కదా. మెర్ల్ ఆ రోజు ఊ అనుంటే ఇంకో చరిత్ర. చేతిలో ఇంత పెద్ద హిట్లు తయారవుతున్న ఇంటిని పట్టుకుని దివాలా కొట్టంటున్నారు వీళ్ళు. ప్రొడ్యూసర్ చిప్స్ మోమన్ కూడా తక్కువోడేం కాదు, 1969లో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ చేత 'సస్పీషియస్ మైండ్స్' పాడించింది ఆయనే.

కంపెనీకి ఏ పాత్రా లేదని అనను. విల్లీ కొలంబియా లేబుల్, మెర్ల్ ఎపిక్ లేబుల్, రెండూ సీబీఎస్ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీ వాళ్ళవే కాబట్టి కాగితాల పని తేలికైపోయుంటుంది. కానీ పాటల లిస్టు చూడండి ఒకసారి. మొత్తం పది పాటల్లో రెండు జెస్సీ ఆష్‌లాక్ అనే ఆయనవి, ఆయనెవరంటే బాబ్ విల్స్ బ్యాండులో ఫిడేలు వాయించేవాడు. బాబ్ విల్స్ అంటే టెక్సాస్ స్వింగ్ అనే పాటల బాణీకి దేవుడు, విల్లీ చిన్నప్పట్నుంచీ ఆయన పాటలు వింటూ పెరిగాడు, మెర్ల్‌కైతే ఎంత పిచ్చంటే 1970లో ఆయన మీద గౌరవంతో ఒక ఆల్బం చేయడానికి ఏకంగా ఫిడేలు నేర్చుకున్నాడు. మార్కెట్ కోసం లెక్కలేసే మనిషి ఎవడైనా 1983లో రేడియో కోసమని పాతకాలం ఫిడేలు ఆయన పాటలు రెండు పెడతాడా చెప్పండి. ఇంకో పాట మెర్ల్ అప్పటి భార్య లియోనా విలియమ్స్ రాసింది. ఇంకా నాకు అన్నిటికన్నా నచ్చేది ఏంటంటే ఒకే ఆల్బంలో 'రీజన్స్ టు క్విట్' అని ఒక పాట, 'నో రీజన్ టు క్విట్' అని ఇంకో పాట, అంటే మానేయడానికి కారణాలు ఉన్నాయని ఒకటి, మానేయడానికి కారణమే లేదని ఒకటి! తాగుడు గురించే రెండూ. మొదటిది మెర్ల్ రాశాడు, సింగిల్‌గా వచ్చి కంట్రీ చార్టులో 6 దాకా వెళ్ళింది. ఇద్దరు స్నేహితులు రాత్రిళ్ళు కూర్చుని ఇదిలా పాడదాం, అదలా పాడదాం అనుకుని పెట్టుకున్న పాటల్లా ఉంటాయి అవి. కంపెనీ మీటింగులో తేల్చిన లిస్టులా ఉండదు.

టాక్సు బాకీ అన్నారు. దీనికి పెద్ద వాదన అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. విల్లీ ఆస్తుల మీద అమెరికా టాక్సు వాళ్ళు పడింది 1990 నవంబర్లో, ఆల్బం వచ్చిన దాదాపు ఎనిమిదేళ్ళకి. కోటీ అరవై లక్షల డాలర్ల పైన బాకీ తేల్చారు, అప్పుడు ఈ స్పైస్‌వుడ్ స్టూడియోనీ గోల్ఫ్ కోర్సునీ కూడా సీజ్ చేశారు. బాకీ తీర్చడానికి చేసిన ఆల్బం నిజంగానే ఒకటుంది, 1991లో, ఉత్త గిటారు, గొంతు, పేరులోనే టాక్సు వాళ్ళ పేరు పెట్టి మరీ అమ్మాడు, అంత తెలివైనోడు. ఆ సంగతి ఎవరో సగం విని 1983 ఆల్బంకి తగిలించేశారు.

జైలు సంగతి మాత్రం నిజం, కానీ దాన్ని తిప్పి చెప్పారు. మెర్ల్ దొంగతనం కేసులో శాన్ క్వెంటిన్ జైల్లో ఉన్నాడు, 1959 జనవరి 1న అక్కడికి జానీ క్యాష్ వచ్చి పాడితే ఖైదీల్లో కూర్చుని విన్నవాళ్ళలో ఇతనొకడు. 1960లో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఆయన పేరున్న సింగర్ అయిందే ఆ తర్వాత! 1972లో అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ రొనాల్డ్ రీగన్ పూర్తి క్షమాభిక్ష కూడా ఇచ్చాడు. జైలుకెళ్ళొచ్చి ఫేడౌట్ కాలేదండీ, జైలుకెళ్ళొచ్చి స్టార్ అయ్యాడు.

ఇప్పుడు అసలు పాట. రాసింది విల్లీ కాదు, మెర్ల్ కాదు, టౌన్స్ వాన్ జాంట్. టెక్సాస్‌వాడే, ఫోర్ట్ వర్త్‌లో డబ్బున్న ఆయిల్ కుటుంబంలో పుట్టి అదంతా వదిలేసి గిటారేసుకుని చిన్న చిన్న క్లబ్బుల్లో పాడుకుంటూ తిరిగాడు, తన గొంతుతో ఒక్క పెద్ద హిట్టూ లేదు, కానీ పాటలు రాసేవాళ్ళందరూ ఆయన పేరు చెబితే కాస్త సర్దుకుని కూర్చుంటారు. ఈ పాట 1972లో తన ఆల్బంలో పాడుకున్నాడు, పెద్దగా ఎవరికీ తెలీలేదు. తర్వాత ఎమీలూ హారిస్ అనే సింగర్ పాడింది. ఆమె పాడింది విని విల్లీ కూతురు లానా, నాన్నా ఇది మీ ఇద్దరికీ సరిపోతుంది అని తెచ్చిచ్చింది. అంటే పదకొండేళ్ళు చేతులు మారుతూ మారుతూ వచ్చింది పాట.

మరి పాంచో విల్లా కథేనా? కాదు. రాసినాయనే కాదన్నాడు. ఈ పాట తనకి ఎక్కడ్నుంచో ఊడిపడిందనీ, దేని గురించో తనకే తెలీదనీ, పాంచో విల్లా గురించి మాత్రం కాదని మొదట్నుంచీ తెలుసనీ టీవీలో చెప్పాడు. విల్లాకి లెఫ్టీ అని అర్థమొచ్చే స్పానిష్ పేరున్న స్నేహితుడొకడు ఉండేవాడని ఎవరో తర్వాత ఆయనకి చెప్పారంట. అసలు కథల్ని పక్కపక్కన పెట్టి చూడండి. పాంచో విల్లా వేల మంది సైన్యాన్ని నడిపిన జనరల్, 1916లో అమెరికా సరిహద్దు దాటొచ్చి కొలంబస్ అనే ఊరి మీద పడితే అమెరికా సైన్యం జనరల్ పెర్షింగ్‌ని పంపి నెలల తరబడి మెక్సికోలో వెతికించినా దొరకలేదు, చివరికి 1923లో పర్రాల్ ఊళ్ళో కార్లో వెళ్తుంటే మాటేసి కాల్చేశారు. పాటలో పాంచో? ఎడారిలో దిక్కులేని చావు. పోలీసులైతే వాణ్ణి ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకునేవాళ్ళం, ఏదో జాలిపడి వదిలేశాం అని గొప్పలు చెప్పుకుంటారు. విల్లా గురించి ఆ మాట అనే మొహం ఏ పోలీసుకుంది?

ఇంక ఆ పాట పుట్టిన కథ నాకు భలే ఇష్టం, టౌన్స్ చెప్పుకునేవాడు. డల్లాస్‌లో ప్రోగ్రామ్ ఉందని వెళ్తే ఊళ్ళో ఒక్క హోటల్ రూమూ ఖాళీ లేదంట, ఎందుకంటే ఒకపక్క బిల్లీ గ్రాహం అనే పెద్ద పాస్టర్ గారి సభలు, ఇంకోపక్క మన ఇండియా నుంచి వచ్చిన గురు మహరాజ్‌జీ అనే కుర్ర గురువు గారి భక్తులు. ఊరికి దూరంగా ఏదో చవక హోటల్లో దిగాల్సొచ్చింది, చేసేదేం లేక కూర్చుని ఈ పాట రాశాడు. ఆ ఇద్దరే పాంచో, లెఫ్టీ ఏమో అని జోకు కూడా వేసేవాడు. మనవైపు నుంచి వెళ్ళిన ఒక గురువు గారి పుణ్యమా అని ఒక కంట్రీ పాట పుట్టిందంటే, ఫార్వర్డ్ చేస్తే ఇది చేయాలి కదా జనం!

ఇంకోసారి టెక్సాస్ రోడ్డు మీద స్పీడుగా వెళ్తున్నాడని ఇద్దరు పోలీసులు ఆపారంట, ఒకాయన తెల్లాయన, ఒకాయన మెక్సికన్. ఏం చేస్తుంటావని అడిగితే పాటలు రాస్తా అన్నాడు, వాళ్ళు అయ్యో పాపం అన్నట్టు చూశారు. పాంచో అండ్ లెఫ్టీ నేనే రాశా అనేసరికి ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వడం మొదలెట్టారు. ఏంటంటే డ్యూటీలో రేడియో మీద ఆ ఇద్దరి ముద్దుపేర్లు పాంచో, లెఫ్టీ అంట. జరిమానా లేకుండా వదిలేశారు. పాట దేని గురించో ఇప్పుడు తెలిసింది, ఈ ఇద్దరు పోలీసుల గురించి అనేవాడు టౌన్స్. నిజ జీవిత కథ కావాలంటే ఇదిగో, ఇదొక్కటే ఉంది.

అతికించారు అన్నది మాత్రం సగం నిజం, దాచను. కానీ ఎలా జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఈ ఆల్బం అంతట్లో నాకు ప్రాణం లాంటి ముక్క అదే.

లానా పాట తెచ్చింది, విల్లీకి నచ్చేసింది, బ్యాండుతో కూర్చుని పాడేశాడు. అప్పటికి మెర్ల్ బయట తన బస్సులో నిద్రపోతున్నాడు. తెల్లారుజామున నాలుగింటి ప్రాంతంలో విల్లీ వెళ్ళి తలుపు కొట్టాడు, లే, ఒక పాట ఉంది, నీ చరణం పాడాలి అని. మెర్ల్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు, పొద్దున పాడతాలే అన్నా వినలేదని. కళ్ళు నులుముకుంటూ వచ్చాడు, ఆ పాట అప్పటిదాకా తనకి తెలీదు, కాగితం చూసి ఒక్క టేకులో పాడేసి మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు. పొద్దున లేచాక, అరె నిద్రమత్తులో ఏం పాడానో ఏంటో, ఇంకోసారి సరిగ్గా పాడతా అని అడిగితే, టేపు ఆల్రెడీ న్యూయార్క్ బయల్దేరిపోయింది అన్నాడంట విల్లీ!

ఇదీ అతికించడం. వేరే ఊరు కాదు, వేరే నెల కాదు, గుమ్మం ముందున్న బస్సులోంచి లేపుకొచ్చి పాడించారు. దీన్ని అతుకు అనాలంటే మీ ఇష్టం.

ఇంక చిన్నచూపు, ఒక్క చరణం అన్న సంగతి. పాట పెట్టుకుని వినండి, హెడ్‌ఫోన్స్ అయితే మరీ మంచిది. మొదట్నుంచీ విల్లీయే, ఆయన పద్ధతి ఆయనది, తాళానికి ఒక అడుగు వెనకాల నడుస్తూ, పదం పడాల్సిన చోట పడకుండా కాస్త ఆగి తర్వాత పడుతుంది, పక్కన కూర్చుని తీరిగ్గా కబుర్లు చెప్తున్నట్టు. పాంచో పెరిగాడు, పాంచో చచ్చాడు, లెఫ్టీ ఎక్కడో ఒహాయో రాష్ట్రానికి వెళ్ళిపోయాడు, వెళ్ళడానికి డబ్బులెక్కడివి అంటే ఎవరికీ తెలీదు. అంటే స్నేహితుణ్ణి అమ్మేశాడని మనకి అర్థమవుతుంది, పాట మాత్రం ఆ మాట చచ్చినా అనదు. సగం దాటిపోయింది, మెర్ల్ లేడు. మొదటిసారి వినేవాడికి అసలు ఇది డ్యూయెట్టన్న సంగతే మర్చిపోయే టైముకి, చివరి చరణానికి, కింద నుంచి ఇంకో గొంతు వస్తుంది. బొంగురుగా, బరువుగా, నిద్ర పూర్తిగా వదలని గొంతు. ఆ చరణం ఏంటి? పాంచో ఎలా పడిపోయాడో కవులు గొప్పగా పాడుకుంటారు, ఇక్కడ చవక హోటల్లో ముసలాడైపోతున్న లెఫ్టీ కోసం కూడా కాస్త ప్రార్థన చేయండి అని. ఆ మాటలు జైల్లో పడుకుని లేచిన మనిషి గొంతులో, తెల్లారుజామున నాలుగింటికి, నిద్రకళ్ళతో. ఇప్పుడు చెప్పండి, మొదట్నుంచీ చెరో లైనూ పంచుకుని పాడుంటే ఇది వచ్చేదా?

మనకి అలవాటు ఏంటంటే డ్యూయెట్టంటే చెరి సగం, ఒక లైను ఆయన, ఒక లైను ఆమె, లెక్క సరిపోవాలి. ఎవరికెన్ని లైన్లొచ్చాయో లెక్కపెట్టే ఫ్యాన్స్ మన దగ్గరా తక్కువేం లేరు కదా, ఈ మెసేజ్ రాసినాయన కూడా ఆ బాపతే అయ్యుంటాడు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు గట్టేసి కొలుస్తున్నాడు. పాట మొత్తం ఆగి ఆగి ఒక మనిషి కోసం ఎదురుచూస్తే, ఆ మనిషిని చిన్నచూపు చూసినట్టా? పైగా మిగతా పాటల్లో మెర్ల్ గొంతు పుష్కలంగా ఉంది, ఆల్బం తిరగేసి వినే ఓపికుండాలి అంతే.

ఆ సింగిల్ 1983 జులైలో కంట్రీ చార్టులో నెంబర్ వన్ అయింది. ఆల్బం కూడా కంట్రీ ఆల్బంలలో నెంబర్ వన్. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళు ఉత్తమ జంట గాయకుల అవార్డు వీళ్ళిద్దరికే ఇచ్చారు.

ఇంక రాసినాయన్ని మోసం చేశారన్నది. ఇది వింటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది, మన దగ్గర పాటలు రాసినవాళ్ళకి ఏళ్ళ తరబడి ఒకసారి ఇచ్చిన పారితోషికమే తప్ప రాయల్టీ అన్నది సరిగ్గా లేకపోయింది, 2012లో చట్టం మార్చాక గానీ కాస్త దారి పడలేదు, కాబట్టి మనవాళ్ళు వెంటనే నమ్మేస్తారు. కానీ అమెరికాలో లెక్క వేరు. అక్కడ ఎవరి పాటనైనా ఇంకొకళ్ళు రికార్డు చేసి అమ్మితే కాపీకి ఇంత అని చట్టమే రేటు పెట్టింది. 1983 జనవరి నుంచి ఆ రేటు ఒక పాటకి కాపీకి 4.25 సెంట్లు. లెక్క కోసం పది లక్షల కాపీలనుకుంటే, ఆ రేటు మీద 42,500 డాలర్లు, అది పబ్లిషరూ (పాట హక్కులు చూసే కంపెనీ) రచయితా పంచుకుంటారు. అప్పటి డబ్బుల్లో అది చిన్న మొత్తమేం కాదు.

అసలు తమాషా రేడియోది. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లో పాట వేస్తే పాడినవాళ్ళకి ఒక్క సెంటు రాదు, రాసినవాళ్ళకీ పబ్లిషర్‌కీ మాత్రమే వస్తుంది! ఇది చాలామంది అమెరికన్లకే తెలీదు, మా ఆఫీసులో టెక్సాస్‌లోనే పుట్టి పెరిగిన ఒకాయనకి చెప్తే నమ్మకుండా ఫోన్లో వెతుక్కున్నాడు. అంటే 1983 ఎండాకాలమంతా దేశంలో ఏ ట్రక్కులో ఈ పాట మోగినా విల్లీకి సున్నా, మెర్ల్‌కి సున్నా, ఆ రికార్డులో గొంతు కూడా వినపడని టౌన్స్‌కి డబ్బులు. మోసమంటే ఇలా ఉంటే నన్ను కూడా చేయండి. పైగా ఆ పాట వీడియోలో టౌన్స్‌ని పిలిచి మెక్సికన్ పోలీసు వేషం వేయించారు, విల్లీ పాంచో, మెర్ల్ లెఫ్టీ, వాళ్ళని సృష్టించినాయన వాళ్ళ వెంటపడే పోలీసు. మోసం చేసిన మనిషిని పిలిచి కెమెరా ముందు నిలబెడతారా ఎవరైనా?

టౌన్స్ 1997 జనవరి 1న పోయాడు, 52 ఏళ్ళకే. కంట్రీలో అందరూ గురువుగా చెప్పుకునే హ్యాంక్ విలియమ్స్ పోయింది కూడా జనవరి 1నే, 1953లో. టౌన్స్ పోయింది పస్తులతో కాదు, ఏళ్ళ తరబడి తాగుడు ఒంటిని తినేసింది. అది బాధాకరమే, కానీ ఆ బాధకి విల్లీనీ మెర్ల్‌నీ దొంగల్ని చేయక్కర్లేదు.

డ్యూయెట్ ఆల్బంలన్నీ మార్కెట్ పోయినవాళ్ళవే అన్న జనరల్ మాట మిగిలింది, దానికి ఎక్కువసేపు అక్కర్లేదు. లొరెట్టా లిన్, కాన్వే ట్విట్టీ 1972 నుంచి 75 దాకా వరసగా నాలుగేళ్ళు ఆ జంట అవార్డు కొట్టారు, ఇద్దరూ విడిగా కూడా హిట్ల మీద హిట్లిస్తున్న రోజుల్లోనే. డాలీ పార్టన్ అయితే పోర్టర్ వాగనర్ పక్కన డ్యూయెట్లు పాడుతూనే పైకొచ్చింది, అంటే అక్కడ డ్యూయెట్ చివరి మెట్టు కాదు, మొదటి మెట్టు. జార్జ్ జోన్స్, టామీ వైనెట్ 1975లో విడాకులు తీసుకుని 1976లో కలిసి పాడిన పాటతో నెంబర్ వన్ కొట్టారు, ఆ పాట ఒక పెళ్ళి ఉంగరం గురించి! వాళ్ళు ఆ పాట ఎలా పాడారో నాకైతే ఊహకందదు, అది వేరే కథ.

నిజంగానే ముసలితనంలో చేసిన ఆల్బం కావాలంటే విల్లీ, మెర్ల్‌లదే ఇంకొకటి ఉంది, 2015లో 'జాంగో అండ్ జిమ్మీ'. విల్లీకి 82, మెర్ల్‌కి 78. అది కూడా కంట్రీ ఆల్బంలలో నెంబర్ వన్ అయింది. మరుసటేడు ఏప్రిల్ 6న, సరిగ్గా తన 79వ పుట్టినరోజు నాడు మెర్ల్ పోయాడు.

ఇదంతా పొద్దున బావమరిదికి పంపాను. చాలాసేపు బ్లూ టిక్కులే, జవాబు లేదు. మధ్యాహ్నం మెసేజ్, "బావా, పాట విన్నాను, బానే ఉంది గానీ రెండోవాడెక్కడ, మొత్తం ఒకడే పాడుతున్నాడుగా?" అని. మధ్యలోనే ఆపేసినట్టున్నాడు. ఎక్కడొస్తాడో చెప్పకుండా, మళ్ళీ మొదట్నుంచీ పెట్టమన్నాను.